గాలికి ఒరగని నీలం

పెరట్లో ఎరుపు పూలున్నాయి, పసుపు పూలున్నాయి, తెలుపు సరేసరి. మరి నీలం? ఆలోచించాల్సిందే! జర్మనీలో ఒకాయన ఆ ఒక్క రంగు కోసం దాదాపు జీవితమంతా మట్టిలో కూర్చున్నారు. ఆయన పోయి అర్ధశతాబ్దం దాటింది. ఆయన పెరడు మాత్రం ప్రతి జూన్‌లోనూ నీలంగానే ఉంటుంది.

బెర్లిన్‌లో రైలెక్కితే సుమారు అరగంటలో పోట్స్‌డామ్. అక్కడ దిగిన పర్యటకుల్లో చాలామంది దారి ఒకటే... సాన్సుసీ ప్యాలెస్. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ 1745-47 మధ్య కట్టించుకున్న వేసవి విడిది అది. మెట్లుమెట్లుగా ద్రాక్షతోట, ఆ పైన పసుపురంగు భవనం, పక్కనే రాజుగారి సమాధి. ఆ సమాధి పలక మీద పూలతోపాటు బంగాళాదుంపలు కనిపిస్తాయి. జనం తెచ్చి పెట్టి దండం పెట్టుకుంటారన్నమాట. వద్దు మొర్రో అంటున్న రైతులతో ఆలుగడ్డ పండించిన రాజు ఆయనేనని అభిమానం.

అక్కడ ఫొటోలు దిగి జనం వెనక్కి మళ్లుతారు. కొద్దిమంది మాత్రం వాయవ్యం వైపు ఇంకాస్త ముందుకెళ్తారు. బస్సులో కొద్ది నిమిషాల ప్రయాణం. ఊరి పేరు బోర్నిమ్. ఒకప్పుడు విడిగా ఉన్న పల్లె, 1935లో పోట్స్‌డామ్‌లో కలిసిపోయింది. చెట్ల మధ్య నడుచుకుంటూ పోతే ఓ వీధిలో చిన్న గేటు. రాజదర్బారు హంగులేమీ లేవు. గేటు దాటితే ఒక ఇల్లు, దాని చుట్టూ పెరడు. అంతే!

ఆ పెరట్లో ఇంటి ముందు నేల మెట్లుమెట్లుగా లోపలికి దిగుతుంది. మన పాత కోనేరును బాగా వెడల్పు చేసి, ప్రతి మెట్టు మీదా పూలమొక్కలు నాటితే ఎలా ఉంటుందో అలా. అడుగున చిన్న నీటి గుంట. జూన్ రెండో సగంలో వెళ్తే ఆ మెట్ల మీదనుంచి నీలం రంగు కంకులు లేచి నిలబడి ఉంటాయి. కొన్ని మనిషి భుజం దాకా, కొన్ని తలను దాటి. దీపావళి చిచ్చుబుడ్డి పైకి చిమ్మిన క్షణంలో ఆగిపోయినట్టు! లేత ఆకాశం రంగు, నెమలి మెడ రంగు, సిరా రంగు, ఊదా కలిసిన నీలం... ఒకే మొక్క జాతిలో ఇన్ని నీలాలా అనిపిస్తుంది.

ఆ పువ్వు పేరు డెల్ఫీనియం. ఆ పెరటి యజమాని పేరు కార్ల్ ఫోర్‌స్టర్.

తోక ఉన్న పువ్వు

డెల్ఫీనియం పువ్వును దగ్గరగా చూస్తే ఓ తమాషా ఉంది. మనం రేకులనుకునే అయిదు నీలిరంగు భాగాలూ నిజానికి రేకులు కావు. బడిలో చదువుకున్నాం కదా, రక్షక పత్రాలని, అవి. మామూలు పువ్వులో ఆకుపచ్చగా అడుగున దాక్కునే ఆ భాగాలే ఇక్కడ సోకు చేసుకుని ముందుకొచ్చాయి. అసలు రేకులు మధ్యలో చిన్నగా, తెల్లగానో నల్లగానో గుంపుగా ఉంటాయి. తుమ్మెద వచ్చి వాలిందేమో అని భ్రమ కలుగుతుంది. అందుకే తోటమాలులు ఆ భాగాన్ని తేనెటీగ అనే పిలుస్తారు. పైనున్న రక్షక పత్రం వెనక్కి సాగి సన్నటి తోకలా తయారవుతుంది. మకరందం ఉండేది ఆ తోకలోనే.

ఈ తోకను చూసి ఒక్కో దేశం వాళ్లు ఒక్కో పేరు పెట్టుకున్నారు. జర్మన్లకు గుర్రపు రౌతు మడమకు కట్టుకునే ముల్లు గుర్తొచ్చి రిట్టర్‌స్పోర్న్ అన్నారు. ఇంగ్లిషు వాళ్లకు భరతపక్షి కాలిగోరు కనిపించి లార్క్‌స్పర్ అన్నారు. గ్రీకులకు విచ్చుకోని మొగ్గలో డాల్ఫిన్ కనిపించింది, డెల్ఫీనియం అన్న పేరు అలా వచ్చిందే.

ఈ పువ్వులోని నీలానికి కారణమైన రంగు పదార్థానికి శాస్త్రవేత్తలు దీని పేరే పెట్టారు... డెల్ఫినిడిన్ అని. ఆ పదార్థం జర్మనీ దాకా పోతేనే దొరుకుతుందనుకునేరు! వంకాయ తొక్కలోని ఊదారంగు దాని రూపాంతరమే. మన ప్రహరీ మీద పాకే శంఖుపుష్పం నీలానికీ మూలం అదే. గులాబీలో ఆ పదార్థం తయారు కాదు. అసలు సిసలు నీలి గులాబీ లేకపోవడానికి కారణం అదే. అంటే గుత్తివంకాయ కూర వండే ప్రతి తెలుగింట్లోనూ డెల్ఫీనియం చుట్టరికం ఉందన్నమాట.

చుట్టరికం ఉందని నోట్లో పెట్టుకుంటే మాత్రం ప్రమాదం. మొక్క మొత్తం విషం. గింజలు, లేత ఆకులు మరీనూ. అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో కొండ బీళ్లలో అడవి డెల్ఫీనియంలు మేసి పశువులు చచ్చిపోవడం పశువుల పెంపకందార్లకు పెద్ద తలనొప్పి. పసిపిల్లలు, కుక్కపిల్లలు ఉన్న ఇంట్లో ఈ మొక్క పెంచేవాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

నక్షత్రాలు చూసే తండ్రి

కార్ల్ ఫోర్‌స్టర్ 1874 మార్చి 9న బెర్లిన్‌లో పుట్టారు. తండ్రి విల్‌హెల్మ్ ఫోర్‌స్టర్ ఖగోళ శాస్త్రవేత్త, బెర్లిన్ నక్షత్రశాలకు అధిపతి. కొడుకు చూపు మాత్రం నేలమీద పడింది. పదిహేనేళ్ల వయసులో ష్వెరిన్ రాజోద్యానంలో తోటపని నేర్చుకోవడానికి చేరారు. 1903లో బెర్లిన్ శివార్లలోని తల్లిదండ్రుల స్థలంలోనే సొంత నర్సరీ తెరిచారు. ఆ చోటు చాలక 1910-11లో బోర్నిమ్‌లో పొలం కొని, ఇల్లు కట్టి, నర్సరీని ఇక్కడికి మార్చారు. 1970 నవంబరు 27న తొంభై ఆరేళ్ల వయసులో చనిపోయేదాకా ఇదే ఆయన చిరునామా.

ఆ రోజుల్లో డెల్ఫీనియం అప్పటికే సంపన్నుల తోటల్లో మెరిసిపోతోంది. ఆల్ప్స్ కొండల నుంచి సైబీరియా దాకా అడవిగా పెరిగే డెల్ఫీనియం ఎలేటమ్ అనే జాతిని పట్టుకుని ఫ్రాన్స్‌లో నాన్సీ పట్టణంలోని లెమ్వాన్, ఇంగ్లండ్‌లో సోమర్‌సెట్‌లోని కెల్వే నర్సరీ పందొమ్మిదో శతాబ్దంలోనే కొత్త రకాలు తీశారు. పువ్వు సైజు పెరిగింది. ముద్దరేకులు వచ్చాయి. కంకి మూరెడయింది. పోటీల్లో బహుమతులు వచ్చాయి.

అయితే ఇంటికి తెచ్చుకున్నవాళ్ల గోల వేరు. గాలివాన కొడితే కంకి విరిగి పడేది. ఎండలు ముదిరితే ఆకుల మీద తెల్లగా బూడిద తెగులు. చలికాలం పోయాక చూస్తే కొన్ని మొక్కలు లేచేవే కావు. కర్రలు పాతి, తాళ్లు కట్టి, మందులు కొట్టడానికి జీతగాళ్లున్న బంగళాల్లో అయితే సరే, ఆఫీసుకెళ్లి వచ్చి సాయంత్రం రెండు చెంబులు నీళ్లు పోసే గుమస్తా ఇంట్లో?

ఫోర్‌స్టర్ పట్టుకున్న ప్రశ్న అదీ! పువ్వు ఎంత పెద్దదని కాదు, మామూలు మనిషి పెరట్లో ఊతం లేకుండా నిలబడుతుందా లేదా అన్నది.

దానికాయన ఎంచుకున్న పద్ధతి కఠినమైంది. గింజలు చల్లి వేల సంఖ్యలో నారు పెంచేవారు. గాలికి వదిలేసేవారు. బ్రాండెన్‌బుర్గ్ ప్రాంతం ఇసుక నేలలకు పేరుపడ్డది, జర్మన్లే దాన్ని ఇసుక డబ్బా అని వెక్కిరించేవారు. ఎండాకాలం పొడి, చలికాలం గడ్డకట్టే మంచు. అక్కడ ఏళ్ల తరబడి చూశాక, ఒరిగిపోయినవి తీసి పారేశారు. తెగులు పట్టినవి పారేశారు. అందంగా ఉన్నా సరే! మిగిలిన కాసినింటికే పేరు పెట్టారు. మొక్కలు పెంచేవాళ్లకు తెలుసు, అందమైన మొక్కను పీకి కుప్పలో వెయ్యడానికి చెయ్యి ఎంత వెనకాడుతుందో. పోటీలో గెలిచే పువ్వును తయారుచెయ్యడం కన్నా ఇది కష్టం.

ఆ పేర్లూ చూడండి. 'బెర్గ్‌హిమ్మెల్' అంటే కొండమీది ఆకాశం. 'పెర్ల్‌ముట్టర్‌బౌమ్' అంటే ముత్యపు చిప్ప మెరుపు చెట్టు. 'ఫిన్‌స్టరార్‌హార్న్' స్విట్జర్లాండ్‌లోని ఒక మంచు శిఖరం. 'అబ్‌గెసాంగ్' అంటే ముగింపు పాట. అన్ని మొక్కలూ కలిపి ఆయన తీసిన రకాలు 360కి పైనే ఉంటాయంటారు. అందులో ఆయన పంచప్రాణాలూ పెట్టుకున్నది డెల్ఫీనియం మీదే. 1929లో దానిమీద ప్రత్యేకంగా ఓ పుస్తకమే రాశారు. ఒక తపన తాలూకు చరిత్ర అని ఆ పుస్తకానికి ఉపశీర్షిక పెట్టుకున్నారు.

ఇంకో విశేషం, మనకు రుతువులు ఆరు. యూరప్ వాళ్లకు నాలుగే. ఫోర్‌స్టర్‌కు మాత్రం ఏడు! వసంతానికి ముందు ఒకటి, వేసవి మొదట్లో ఒకటి, శరత్తు చివర ఒకటి కలిపి తోటను ఏడు రుతువులుగా చూశారు. ఏ రుతువులోనూ పెరడు బోసిపోకూడదు. ఆ లెక్కలో డెల్ఫీనియంది వేసవి తొలి భాగం. గులాబీలతో పాటే వచ్చి, గులాబీలు ఇవ్వలేని రంగును అది ఇస్తుంది.

పెంచడం ఎలాగంటే...

ఇంతకీ ఈ మొక్కకు ఏం కావాలి? యూరప్ ఇళ్లల్లో దీన్ని పెంచేవాళ్లు పాటించే పద్ధతుల్లో గుట్టేమీ లేదు. కాకపోతే ఓపిక కావాలి.

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ ఉండాలి. నీళ్లు నిలిస్తే దుబ్బు కుళ్లిపోతుంది, అలాగని ఎండగడితే పువ్వు రాదు. నాటే గుంతలో బాగా చివికిన ఎరువు దండిగా వేయాలి. యూరియాలాంటి నత్రజని ఎరువులు ఎక్కువైతే మొక్క ఏపుగా పెరిగి, కాడ పసిపిల్లవాడి మెడలా వాలిపోతుంది. మొక్కకూ మొక్కకూ మధ్య రెండడుగులైనా వదలాలి. బూడిద తెగులుకు సగం మందు ఆ ఖాళీయే. నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయాలి.

మార్చిలో మంచు కరిగాక దుబ్బులోంచి గుత్తులుగుత్తులుగా పిలకలు లేస్తాయి. అసలు యుద్ధం అప్పుడే. గుల్లలేని నత్తలు రాత్రికి రాత్రి వచ్చి లేత పిలకల్ని కొరికేసి తెల్లారేసరికి మాయమైపోతాయి. పశువుల్ని చంపే విషం నత్తల్ని మాత్రం ఏమీ చేయదు! యూరప్ తోటల్లో రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని వంగి వంగి తిరిగేవాళ్లు దొంగలు కారు, డెల్ఫీనియం పెంచేవాళ్లు.

పిలకలు జానెడు ఎత్తయ్యాక మనసు రాయి చేసుకుని కొన్నిటిని తీసెయ్యాలి. కుదురుకున్న దుబ్బులో అయిదారు, కొత్త మొక్కలో రెండు మూడు ఉంచితే చాలు. అన్నీ ఉంచితే అన్నీ సన్నబడతాయి. తీసేసిన పిలకలు వృథా కావు. రెండు మూడు అంగుళాల పిలకను దుబ్బు మొదలంటా కోస్తే, అడుగు గట్టిగా ఉన్నదైతే ఇసుకలో గుచ్చగానే వేరు పడుతుంది. అడుగు డొల్లగా ఉంటే కుళ్లుతుంది. ఈ ఒక్క కిటుకూ తెలియక చాలామంది తమకు చెయ్యి మంచిది కాదనుకుంటారు.

ఊతకర్రల సంగతి. ఫోర్‌స్టర్ రకాలు గట్టివే అయినా మరీ గాలి కొట్టే చోట సాయం కావాలి. మొక్క చుట్టూ మూడు కర్రలు పాతి రెండు ఎత్తుల్లో తాడు చుడతారు. అదీ మొక్క అడుగు ఎత్తులో ఉండగానే. పూత వచ్చాక, గాలివాన వచ్చే ముందు పరుగెత్తుకెళ్లి కట్టే తాడు వల్ల ఉపయోగం తక్కువ, కంకులు విరగడం ఎక్కువ.

విత్తనాలతో మరో చిక్కుంది. డెల్ఫీనియం గింజకు వేడి పడదు. ఇంట్లో బల్ల సొరుగులో పడేస్తే కొన్ని నెలల్లోనే మొలకశక్తి తగ్గిపోతుంది. అందుకే గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడతారు. మొలకెత్తడానికీ పదిహేను డిగ్రీల ప్రాంతంలో చల్లదనం ఉంటే హాయి.

ఒక్కో దేశానిది ఒక్కో దారి

ఫోర్‌స్టర్ ఒక్కరే కాదు, ఈ పువ్వు వెంట పడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. ఇంగ్లండ్‌లో 1901లో మొదలైన బ్లాక్‌మోర్ అండ్ లాంగ్డన్ నర్సరీ మనిషిని మించిన ఎత్తులో, చేతికి చుట్టుకునేంత లావు కంకులు తయారుచేసింది. చెల్సీ పూల ప్రదర్శనలో ఆ కంకుల ముందు జనం కట్టే గుంపు చెప్పనలవి కాదు. 1928లో ఆ దేశంలో ఈ ఒక్క పువ్వు కోసమే సంఘం కూడా ఏర్పడింది. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన ఫ్రాంక్ రైనెల్ట్ అనే వలసదారు గింజలతోనే పెరిగే పసిఫిక్ జెయింట్ రకాలు తీసి, వాటికి ఆర్థర్ రాజు కథల్లోని పేర్లు పెట్టారు. ప్యాకెట్ కొని చల్లుకుంటే చాలు. పెరిగేదీ త్వరగానే, పోయేదీ త్వరగానే. వేడి ప్రాంతాల్లో వాటిని ఒక్క సీజన్ మొక్కలుగానే చూస్తారు.

ఇంగ్లిషువారి కంకి పక్కన పెడితే ఫోర్‌స్టర్ కంకి కాస్త చిక్కినట్టే కనిపిస్తుంది. పువ్వుకూ పువ్వుకూ మధ్య సందు ఉంటుంది. కానీ వాన పడ్డప్పుడు ఆ సందే కాపాడుతుంది. నీళ్లు ఆగవు, బరువెక్కదు, కంకి విరగదు. ఫొటోకి ఏది బాగుంటుందంటే ఇంగ్లిషుదే. ఇంటికి ఏది మంచిదంటే మాత్రం ఓటు బోర్నిమ్‌కే పడుతుంది.

పెరడు ఒక్కటే, ప్రభుత్వాలు అయిదు

బోర్నిమ్ పెరడు పుట్టినప్పుడు జర్మనీని ఏలింది చక్రవర్తి. తరవాత వైమార్ రిపబ్లిక్, ఆ పైన హిట్లర్, యుద్ధం ముగిశాక సోవియట్ సైన్యం, 1949 నుంచి కమ్యూనిస్టు తూర్పు జర్మనీ, 1990 నుంచి ఏకమైన జర్మనీ. మధ్యలో వచ్చిన సైన్యాన్ని పక్కన పెట్టినా అయిదు ప్రభుత్వాలు! 1945 ఏప్రిల్ 14 రాత్రి పోట్స్‌డామ్ మీద బాంబుల వర్షం కురిసింది. ఊరి నడిబొడ్డు నేలమట్టమైంది. అదే ఏడాది జులై 17 నుంచి ఆగస్టు 2 దాకా ఇక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని సెసిలియన్‌హోఫ్ భవనంలో ట్రూమన్, స్టాలిన్, చర్చిల్, ఆయన తరవాత అట్లీ కూర్చుని ఓడిపోయిన జర్మనీని ఏంచేయాలో తేల్చారు. ఫోర్‌స్టర్‌కు అప్పటికి డెబ్భై ఒక్కేళ్లు. ఇంకెవరైనా అయితే విశ్రాంతి తీసుకుందురు. ఆయన మాత్రం మరో పాతికేళ్లు అదే మడుల మధ్య తిరిగారు. 1959లో పోట్స్‌డామ్ నగరం ఆయన్ను గౌరవ పౌరుణ్ని చేసింది.

మరి ఆయన తరవాత? అసలు భయం అక్కడుంది. వరి వంగడానికి విత్తనం దాచుకుంటే సరిపోతుంది. డెల్ఫీనియం పేరున్న రకానికి ఆ వీల్లేదు. గింజ వేస్తే తల్లిలాంటి పిల్ల రాదు, ఇంకేదో వస్తుంది. 'బెర్గ్‌హిమ్మెల్' అచ్చంగా 'బెర్గ్‌హిమ్మెల్'గానే ఉండాలంటే ఎవరో ఒకరు ఏటా పిలక కోసి నాటుతూ ఉండాలి, లేదా దుబ్బు విడదీస్తూ ఉండాలి. ఆ చేతులు ఆగిపోయిన కొన్నేళ్లకు రకం మాయమైపోతుంది. కాగితం మీద పేరే మిగులుతుంది. ఫోర్‌స్టర్ పేరు పెట్టిన రకాలన్నీ ఇప్పుడు దొరక్కపోవడానికి కారణమదే.

ఆ చేతులు ఇంట్లోనే దొరకడం బోర్నిమ్ అదృష్టం. ఫోర్‌స్టర్ 1927లో, యాభై మూడేళ్ల వయసులో, ఎవా అనే గాయనిని పెళ్లి చేసుకున్నారు. ఆయన పోయాక పాతికేళ్లకు పైగా ఆవిడ ఈ ఇంటిని అంటిపెట్టుకునే ఉన్నారు. 1981లో ఇల్లూ పెరడూ కలిపి రక్షిత కట్టడంగా గుర్తింపు పొందాయి. 1931లో పుట్టిన కూతురు మరియానె తోటల రూపకర్త. బెల్జియంలో రెనె పెషేర్ అనే ప్రసిద్ధుడి దగ్గర చాలా ఏళ్లు పనిచేశారు. బెర్లిన్ గోడ కూలాక, 1990లో ఆమె తల్లి దగ్గరికి వచ్చేశారు. అప్పటికి ఆమెకు యాభై తొమ్మిదేళ్లు. 1996లో తల్లి పోయారు. మరియానె 2010లో చనిపోయేదాకా తండ్రి పెరట్లోనే కలుపు తీస్తూ, పిలకలు నాటుతూ, వచ్చినవాళ్లకు చూపిస్తూ గడిపారు. 2001లో పోట్స్‌డామ్‌లో జాతీయ ఉద్యాన ప్రదర్శన జరిగినప్పుడు ఈ తోటకు మళ్లీ కొత్త కళ వచ్చింది. 2005లో తండ్రి తోట మీద ఆమె ఓ పుస్తకం కూడా తెచ్చారు. తన తరవాత ఇల్లూ పెరడూ అమ్ముడుపోకుండా, చారిత్రక కట్టడాలను కాపాడే ఓ జర్మన్ ఫౌండేషన్‌కు అప్పగించారు. ఇప్పుడు పిలకలు నాటే పూచీ వాళ్లదే.

మన పెరట్లో వస్తుందా?

ఇంతా చదివాక ఈ అనుమానం రాకమానదు. నిజం చెప్పుకోవాలంటే, బోర్నిమ్‌లో ఏళ్ల తరబడి బతికే డెల్ఫీనియం విజయవాడలోనో వరంగల్‌లోనో ఏప్రిల్ దాటదు. దానికి చలికాలంలో నిద్ర కావాలి. మన రోహిణి కార్తె ఎండల్లో ఆ దుబ్బు ఉడికిపోతుంది. ఎన్ని నీళ్లు పోసినా, ఎంత నీడ కట్టినా దండగే. కాబట్టి విదేశాల నుంచి దుబ్బులు తెప్పించుకుని డబ్బు పోగొట్టుకోవద్దు.

దాని చిన్న చెల్లెలు మాత్రం వస్తుంది. విత్తనాల దుకాణాల్లో లార్క్‌స్పర్ అనే పేరుతో దొరికే ఒక్క సీజన్ మొక్క అది. రెండు మూడడుగుల ఎత్తు, సన్నటి ఆకులు, నీలం, గులాబీ, తెలుపు పూలు. వానలు వెనకబట్టాక అక్టోబరు-నవంబరుల్లో గింజలు వేస్తే చలికాలం చివర్లో పూస్తుంది. ఎక్కడ పూయాలో అక్కడే చల్లడం మంచిది. వేరు కదిలిస్తే అలుగుతుంది. గింజలపై మట్టి పల్చగా కప్పాలి. వాటిని ముందుగా ఓ వారం రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే మొలక బాగుంటుంది. హైదరాబాద్‌లాంటి చోట చలి రాత్రులు దానికి నచ్చుతాయి. ఎండలు మొదలవగానే మొక్క పని అయిపోతుంది. ఇదీ విషమే, పిల్లలు జాగ్రత్త.

అసలు డెల్ఫీనియంలను మన దేశంలోనే చూడాలంటే హిమాలయాలు ఎక్కాలి. అక్కడ వాటి అడవి జాతులు బోలెడు. ఉత్తరాఖండ్‌లోని పూల లోయలో వానాకాలంలో పూసే నీలాల్లో ఇవీ ఉంటాయి. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ ఫ్రాంక్ స్మైత్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు దారితప్పి చేరిన లోయ అది. 2005 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. కేదార్, బదరీ యాత్రలకు వెళ్లే తెలుగువారు తమకు తెలియకుండానే ఈ పువ్వు సొంతూరి దాకా వెళ్లొస్తున్నారు.

ఎప్పుడు వెళ్లాలి?

జర్మనీలో చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వేసవిలో వాళ్ల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు బోర్నిమ్ ఓ పూట ప్రయాణం. ఉదయం సాన్సుసీ, మధ్యాహ్నం బోర్నిమ్ పెట్టుకోవచ్చు. సాన్సుసీలో నడక ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందు బోర్నిమ్ చూసేయడమే మేలు. ఊరి మధ్యలో, నది పాయల నడుమ ఫ్రాయిండ్‌షాఫ్ట్స్‌ఇన్సెల్ అనే దీవి ఉంది. స్నేహ దీవి అని దాని అర్థం. మొక్కల్ని జనం పోల్చి చూసుకోవడానికి వీలుగా ఫోర్‌స్టర్ ఆలోచన మీద 1930ల చివర్లో అక్కడో తోట వేశారు. పోట్స్‌డామ్ రైల్వే స్టేషన్‌కు నడిచేంత దూరమే. తిరుగు రైలుకు టైముంటే ఓ అరగంట అక్కడ కూర్చోవచ్చు.

నీలం చూడాలంటే జూన్ రెండో వారం నుంచి జులై మొదటి వారం మధ్యలో వెళ్లాలి. జులై చివర్లో వెళ్తే నిరాశే. వాడిన డెల్ఫీనియం కాడల్ని తోటమాలులు నేలకు జానెడు ఎత్తున నరికేస్తారు. నిన్నటిదాకా తలెత్తి చూసిన చోట మోడులే కనిపిస్తాయి. ఎవరో పాడుచేశారనుకుని కంగారుపడేవాళ్లూ ఉంటారు. నరికిన మొక్క మొదట్లో గుప్పెడు ఎరువు వేసి నీళ్లు పెడతారు. మూడు నాలుగు వారాల్లో మళ్లీ లేత ఆకులు, సెప్టెంబరుకల్లా రెండోసారి కంకులు. ఈసారి కాస్త పొట్టిగా, తక్కువ పూలతో వస్తాయి. పక్కన గులాబీలు ఉండవు. గడ్డి జాతులు పండి బంగారు రంగుకు తిరిగి ఉంటాయి. నీలానికి ఆ బంగారమే బాగా నప్పుతుందనేవాళ్లు టికెట్లు సెప్టెంబరుకే తీసుకుంటారు.